పీటలు చూసే దిక్కు

4,011వ రోజు

పీటలు 41. పడమటి నీరు.

పై వరుస కొత్తగా పెట్టిన యంత్రానికి. అది అంతవరకే చదువుతుందట. ఇంజనీరమ్మాయి మనోజ్ఞ ఇవాళ వచ్చి ఈ సంగతి చెప్పింది. "మొదటి వరుస ఎప్పుడు ఒక్కతీరుగ రాయండి అమ్మా. ఎన్ని చేపలు, ఏ నీరు. గంతే. కింద మీ ఇష్టమున్నది రాసుకోండి, అది ఎవ్వరు చదువరు" అంది. పదకొండేళ్లుగా ఈ పుస్తకం రాస్తున్నాను. ఎవరూ చదవరన్న మాట ఇంత మర్యాదగా చెప్పినవాళ్లు లేరు. మంచిదే, ఇకమీదట హాయిగా తిట్టుకోవచ్చు.

ఎవరూ చదవరు గనక నా పేరు కూడా రాసుకుంటాను. సూరాడ నూకరత్నం, యాభై ఆరేళ్లు, అడుగూరు చేపల లెక్క. ఇక్కడ పొద్దు లేదు. మొదటి గంట కొడితే పొద్దున్న. అప్పుడు కిటికీ లోపలివైపు పట్టిన చెమటని పాత లుంగీ ముక్కతో తుడిచి, బయట ఎర్ర దీపం వేసి, ముక్కాలి చేపలు ఎన్ని ఉన్నాయో, ఎటు చూస్తున్నాయో రాసి దీపం ఆర్పేస్తాను. జానెడు చేప. పొట్ట కింద రెండు, తోకకి ఒకటి, పుల్లల్లాంటి మూడు పొడుగు కాళ్లు. వాటిమీద బురదలో నిలబడి, ముందు రెక్కలు చేతుల్లా చాపి, నీరు ఎటునుంచి వస్తే అటే మొహం పెడుతుంది. నీరు తెచ్చిన చిన్న పురుగుని నోట్లో వేసుకుంటుంది. ముక్కాలిపీట అన్నాం మొదట్లో. ఇప్పుడు ఉత్త పీట.

పీటలకి ఈ ఊళ్లో పెద్దపీటే. మా తీరపు ఊళ్లు సముద్రంలో కలిసిపోయాక ముప్పై ఆరు కుటుంబాలు ఇక్కడికి, సముద్రం అడుగుకి దిగాం, బురదలోంచి లోహపు నలుసులు వడగట్టే పనికి. మా పనివల్ల ఇక్కడి నీరు పాడవకూడదని దిగేముందు పైవాళ్లు ఒప్పందం రాయించుకున్నారు. కిటికీ ముందు మేటలో మూడు కాళ్లమీద నిలబడే ఈ చేపలు వరసగా మూడు రోజులు ఇరవై కంటే తగ్గితే ఊరు మూసేసి అందరూ పైకి రావాలి. పైన మాకు ఎవరూ చోటు అట్టేపెట్టలేదు. అందుకని ఇక్కడ పిల్లలు కూడా మొదటి గంట కొట్టాక "ఇవేల ఎన్ని?" అని అడుగుతారు.

వడగట్టగా మిగిలిన బురదని మేటకి తూర్పున ఉన్న గొట్టంలోంచి వదులుతారు. నిన్నటిదాకా ఆ గేటు మా దానయ్య బావ తిప్పేవాడు. "ఒలే రత్నం, ఏటి నీరు?" అని ఫోన్‌లో అడిగి, నేను పడమటి నీరంటేనే తెరిచేవాడు. ఇవాళ్టినుంచి నా మొదటి వరుస చదివి యంత్రమే తెరుస్తుందట. బావని ఊరికి ఆ చివర ఫిల్టర్లు కడిగే పనిలో వేశారు.

మనోజ్ఞ ఇంటిపేరు సముద్రాల. పుట్టింది హనుమకొండలో. సముద్రం మొదటిసారి చూసింది ఇక్కడికి దిగిన రోజున. మా కులంలో ఎవరికీ దక్కని ఇంటిపేరు ఆ పిల్లకి ఎలా దక్కిందోనని బావ బాధ. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అమ్మా, ఆఖరికి ఒక్కటి. తూర్పు నీరంటే తూర్పు నీరే కద? మళ్ల వేరే అర్థమేమన్న ఉన్నదా?" అని అడిగింది.

"తూర్పు నీరంటే తూర్పు నీరే తల్లీ. ఉప్పంటే ఉప్పు గాక బెల్లమవుతాదేటి?" అన్నాను.

పక్కనే కూర్చున్న బావ పగలబడి నవ్వాడు. పిల్ల సిగ్గుపడి ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

4,014వ రోజు

పీటలు 41. పడమటి నీరు.

బురద తొట్టి నిండుతోందని బావ ఫిల్టర్ల దగ్గరనుంచి ఫోన్ చేశాడు. పడమటి నీరు నాలుగు రోజులుగా పారుతున్నా యంత్రం గేటు తెరవలేదట. "కొత్త కోడలు గదా, గరిట ఎక్కడుందో తెలియాలి" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

సాయంత్రం గంటకి ఎవరింట్లోనో ఎండు నెత్తళ్లు వేపారు. ఇక్కడ అది నేరం. గాలి ఫిల్టర్లు మూడు రోజులు కంపు కొడతాయి. ఎవరో కనుక్కుని రమ్మని నన్ను పంపారు. కనుక్కున్నాను. రెండు ముక్కలు నా నోట్లో పెట్టారు. ఎవరో తెలియలేదని వచ్చి చెప్పాను.

4,019వ రోజు

పీటలు 40. తూర్పు నీరు.

నీరు తిరిగింది. దీపం వేసేసరికి పీటలన్నీ తూర్పుకి మొహాలు పెట్టి ఉన్నాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఇష్టమే. ఎవరూ చెప్పరు, ఒకదాన్ని చూసి ఒకటి తిరగవు, నీరు చెబుతుంది. కిటికీకి అన్నిటికంటే దగ్గర, తోకమీద తెల్లమచ్చతో నిలబడేదాని పేరు పెద్దపీట. మేం దిగిన మొదటి రోజునుంచీ అది అక్కడే ఉంది. ముప్పై ఆరు కుటుంబాలకంటే పాత కాపురం.

యంత్రం ఇవాళ గేటు తెరిచిందట, తొట్టి ఖాళీ అయిందట. కోడలికి గరిట దొరికింది.

ఒక పీట తగ్గింది. అప్పుడప్పుడు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది.

4,023వ రోజు

పీటలు 36. తూర్పు నీరు.

మూడుసార్లు లెక్కపెట్టాను.

4,028వ రోజు

పీటలు 31. తూర్పు నీరు.

ఊళ్లో నన్ను చూసి మాటలు ఆపేస్తున్నారు. లెక్క చెప్పేది నేను గనక తగ్గించేది కూడా నేనేనన్నట్టు.

కారణాలు ఎవరికి తోచినవి వాళ్లు చెబుతున్నారు. ఎర్ర దీపం వేడి అని బావ. ఏదో తెగులని మనోజ్ఞ. ఆ పిల్ల రోజూ నా దగ్గరికి వచ్చి కూర్చుంటోంది, భోజనం కూడా సరిగా చేయడంలేదు. గంగమ్మకి చల్ది పెట్టలేదని కొందరు. పెడదామంటే ఇక్కడ అన్నం గింజ బయటికి వదలకూడదు. గిన్నెలో పెట్టి కిటికీకి చూపించి మేమే తిన్నాం.

గేటు సంగతి నేను అడిగాను. "బురద పీటల మీదికేటైనా వొస్తందేటి?" అని. "లేదమ్మా, నీరు అటు పోతున్నప్పుడే తెరుస్తుంది. మీ వరుస చూసే తెరుస్తుంది" అంది మనోజ్ఞ. నా వరుస చూసే అన్నాక ఇంక అనుమానం దేనికి?

పై ఆఫీసులో చేపల లెక్కలు చూసే పెద్దాయన ఉత్తరం పంపాడు. "లెక్క సరిచూసుకోగలరు" అని ఒకే వాక్యం. ఈయన తల పనసకాయంత ఉంటుంది, తొనలు మాత్రం లేవు. పదకొండేళ్లలో ఒక్కసారి దిగి చూడలేదు.

4,031వ రోజు

పీటలు 27. తూర్పు నీరు.

మిగిలినవి కూడా సరిగా లేవు. ముందు రెక్కలమీద ఏదో బూడిదలా ఉంది. పెద్దపీట మాత్రం నిటారుగా నిలబడి తూర్పుకి చూస్తోంది.

మా ఎదురింటి సోమాలమ్మ సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. "ఎక్కడికెల్తావే?" అంటే "తెలీదు, సర్దీసి ఉంచుతన్నాను" అంది. నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి నా పెట్టె కూడా కిందికి దించాను.

4,034వ రోజు

పీటలు 23. తూర్పు నీరు.

పొద్దున్న ఇంతవరకే రాశాను. ఇక్కడినుంచి రాస్తున్నది సాయంత్రం.

లెక్క అయ్యాక లేవబోతే మోకాలు పట్టేసింది. మామూలుగా దీపం ఆర్పి వంటకి పోతాను. ఇవాళ కుర్చీలోనే చతికిలబడ్డాను. పెద్దపీట చోటు ఖాళీగా ఉందని అప్పటికే మనసు బాగాలేదు. సరిగా చూడలేదేమో, పక్కకి జరిగిందేమోనని గంట దాటాక మళ్లీ దీపం వేశాను.

బయట పొగలా ఉంది. ఆ పొగ తూర్పునుంచి వస్తోంది. పీటలు తూర్పుకి మొహాలు పెట్టి, రెక్కలు చాపి, దానికి ఎదురుగా నిలబడి ఉన్నాయి.

మనోజ్ఞకి ఫోన్ చేశాను. "గేటు తెరిసుందేటి?"

"తెరిచే ఉన్నదమ్మా. ఇప్పుడే తెరిచింది."

"నాను తూర్పు నీరని రాసేను గదే!"

"అందుకే కదమ్మా తెరిచింది."

ఫోన్ ఠక్కున పెట్టేసింది. పరుగున వచ్చింది. కిటికీలోంచి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తూర్పు నీరంటే తూర్పుకు పోయే నీరు కాదా అమ్మా?"

"తూర్పునించి వొచ్చే నీరు! తూర్పు గాలంటే ఏటి మరి?"

"గాలి వేరు. మా చదువుల గాలికి వచ్చే దిక్కు చెప్తరు, నీటికి పోయే దిక్కు చెప్తరు. పుస్తకాలన్నిట్ల గట్లనే ఉంటది."

"గాలికో నాయం, నీటికో నాయమా? పార్వతీపురం సుట్టమంటే ఎవులు? పార్వతీపురం నించి వొచ్చినోడు. ఎక్కడికెల్తాడో మనకేల?"

"మరి పార్వతీపురం బస్సంటే ఏంది అమ్మా? పార్వతీపురం పోయేదే కద."

పదకొండేళ్లుగా నీరు నాకు చుట్టం. ఈ పిల్లకి బస్సు. యంత్రానికి చుట్టమూ తెలియదు, బస్సూ తెలియదు. దానికి చెప్పింది చేసింది. పీటలకి దూరంగా పోయే నీటిలో మూసుకుని, పీటలమీదికి వచ్చే నీటిలో తెరుచుకుంది. రోజూ నేను దీపం ఆర్పాకే తెరుచుకుని, మర్నాటి పొద్దున్నకి నీరు తేటపడేది గనక ఇన్నాళ్లూ నా కంట పడలేదు.

దానయ్య బావ ఊరికి ఆ చివరనుంచి రొప్పుతూ వచ్చి గేటు చక్రం చేత్తో తిప్పి మూశాడు. మనోజ్ఞ యంత్రానికి కరెంటు తీసేసింది.

పీటకి తెలిసిందల్లా ఒకటే. నీరు తెచ్చేది తిండి. బురద తెచ్చినా అది తల తిప్పుకోదు. పదహారు రోజులు నా చేత్తో తూర్పు నీరని రాసి వాటి నోట్లో బురద పోశాను. ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేముంది, ఎవరూ చదవరు కదా.

4,035వ రోజు

పీటలు 19. నీరు తూర్పునుంచి వచ్చి పడమటికి పోతోంది.

ఇకనుంచి ఇలాగే రాస్తాను. చెయ్యి నొప్పెడితే నొప్పెట్టనీ.

పంతొమ్మిది. నిన్న మింగిన బురద ఇవాళ పనిచేసింది. ఐదుసార్లు లెక్కపెట్టి, మనోజ్ఞతో కూడా లెక్క పెట్టించాను. పంతొమ్మిదే.

బావ వచ్చి తలుపు వేసి నా ఎదురుగా కూర్చున్నాడు. "ఒలే, ఒక్క పీట. ఇరవై అని రాసీ. ఇంత సీకట్లో ఎవులు సూసొచ్చేరు?"

"నాను సూసేను గదా బావా."

"ముప్పై ఆరు ఇల్లు రత్నం. గేటు మూసీసాం, ఇంక తగ్గవు. రెండు నెల్లు పోతే అవే వొస్తాయి. అంతవరకు ఒక్క అంకె."

బావ చెడ్డవాడు కాదు. అతని కోడలికి ఏడో నెల. నేను కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇరవై అని రాయడం ఎంతసేపు? కానీ బురద ఎందుకు వచ్చిందో, అది ఆగితే పీటలు ఎందుకు బతుకుతాయో చెప్పడానికి ఈ పుస్తకం తప్ప మా దగ్గర ఇంకేమీ లేదు. ఇందులో మాట ఇప్పటికే రెండు అర్థాలు ఇచ్చింది. అంకె కూడా అదే పని చేస్తే ఇంక దీన్ని ఎవరు నమ్ముతారు?

పంతొమ్మిది రాశాను. బావ లేచి వెళ్లిపోయాడు, తలుపు మాత్రం గట్టిగా వేయలేదు.

4,036వ రోజు

పీటలు 19. నీరు తూర్పునుంచి వచ్చి పడమటికి పోతోంది.

పైనుంచి కబురు. యంత్రానికి తప్పుడు అర్థం నేర్పినందుకు మనోజ్ఞ వచ్చే పెట్టెలో పైకి వచ్చేయాలట. పెట్టె అంటే వారానికోసారి బియ్యం తెచ్చేది. ఆ పిల్ల ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "నేను సరిగ అడగలేదమ్మా" అని బట్టలు మడత పెట్టుకుంటోంది.

సరిగానే అడిగింది. గుమ్మంలో ఆగి మరీ అడిగింది. నేను ఉప్పు, బెల్లం అని వేళాకోళం చేశాను. 4,011వ రోజు పేజీ తీసి చూస్తే అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఆ పేజీ ఒక్కటీ పంపుదామనుకున్నాను. ఒక్కటే పంపితే మిగతావి ఎందుకు దాచావంటారు. పుస్తకం మొత్తం ఫొటోలు తీసి పంపించాను. కింద ఒక మాట రాశాను: "అడిగిన పిల్లది తప్పు కాదు, జవాబు చెప్పిన నాది."

పంపాక గుర్తొచ్చింది, అందులో ఏమేం రాసి ఉన్నానో.

మధ్యాహ్నం గంటకి ఫోన్ మోగింది. పై ఆఫీసు పెద్దాయన. "నూకరత్నం గారూ, 4,028వ రోజు చదివాను" అన్నారు.

"పనసకాయ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నిన్న పంతొమ్మిది అని ఎందుకు రాశారు? ఒకటి కలుపుకుంటే మాకు తెలిసేది కాదు."

"కలిపితే మిగతాది నమ్ముతారేటి బాబూ?"

అమ్మాయి ప్రయాణం ఆపుతామన్నారు. యంత్రంలో మాట సరిచేసి, గేటు దగ్గర మనిషిని కూడా ఉంచమన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు మిగతాది చెప్పారు. "ఒప్పందం మాత్రం నా చేతుల్లో లేదమ్మా. రేపు మూడో రోజు. రేపు కూడా తగ్గితే ఊరు మూయాల్సిందే."

4,037వ రోజు

పీటలు 19. రెండు కాళ్లమీద నిలబడ్డది 1. నీరు తూర్పునుంచి వచ్చి పడమటికి పోతోంది.

మొదటి గంటకి నా వెనక ఊరంతా నిలబడి ఉంది. నేను పిలవలేదు. చెమట తుడిచాను, దీపం వేశాను. నీళ్లు తేటగా ఉన్నాయి. లెక్కపెట్టాను. పంతొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాను. సోమాలమ్మ వెనకనుంచి "ఎన్నే?" అంది. నేను ఇంకోసారి మొదటినుంచి మొదలుపెట్టాను.

కిటికీ కింద, గాజుకి బాగా దగ్గరగా, ఏదో కదిలింది. వంగి చూశాను. తోకమీద తెల్లమచ్చ. ఎక్కడికి పోయిందో, ఎలా వచ్చిందో దానికే తెలియాలి. ఎడమవైపు కాలు సగానికి విరిగిపోయింది. ఉన్న ఒక్క కాలూ తోక కాలూ బురదలో దిగేసి, ఓ పక్కకి ఒరిగి నిలబడింది. తూర్పుకే చూస్తోంది.

"ఇరవై!" అని బావ కేకేశాడు.

"మూడు కాళ్లమీద నిలబడేవి అని ఒప్పందం" అన్నాను. చెప్పబుద్ధి కాకపోయినా చెప్పాను.

"కాలిరిగినోడు మనిషి కాడేటే? నీ మోకాలు పట్టీసిన్నాడు నిన్ను లెక్కలోంచి తీసీసేమా?"

అందుకే పై వరుస అలా రాశాను. కూడుకుంటారో తీసేస్తారో పైవాళ్ల ఇష్టం. యంత్రానికి కరెంటు ఇచ్చి వరుస చూపిస్తే, "వరుస అర్థం కాలేదు. మనిషిని పిలవండి" అంది. అది వచ్చినప్పటినుంచి ఆడిన మంచి మాట ఇదొక్కటే.

మనోజ్ఞ పెద్దాయనకి ఫోన్ కలిపింది. అటునుంచి కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "నిలబడే చేప అన్నది ముఖ్యం. కాళ్లెన్నో మేం సమాధానం చెప్పుకోగలం. కానీ అది నిజంగా నిలబడిందా, పడిపోతూ ఉందా? ఆరు గంటలు చూసి చెప్పండి. గంటకోసారి రాయండి. మీరే రాయండి."

ఒకటో గంట. నిలబడింది.

రెండో గంట. నిలబడింది. బావ నాకు కూర్చోడానికి ముక్కాలిపీట తెచ్చాడు. ఎవరూ నవ్వలేదు.

మూడో గంట. ఇంకాస్త ఒరిగింది. నిలబడింది.

నాలుగో గంట. పడిపోయింది. పడిపోయిందని రాసి కలం కింద పెట్టేలోగా తోక విదిలించి లేచింది. దీపం ఆర్పకుండా చూశాను. నిలబడింది. రెండూ రాస్తున్నాను.

ఐదో గంట. నీరు తెచ్చిన పురుగుని పట్టి తింది. నిలబడింది. మనోజ్ఞ నా భుజం పట్టుకుని ఏడుస్తోంది. చెయ్యి కదిలి అక్షరం వంకర పోయింది.

ఆరో గంట. నిలబడింది.

ఇదంతా చదివి వినిపించాను, నాలుగో గంట సంగతితో సహా. పెద్దాయన "పడి లేచింది కదా" అన్నారు. "లేచింది బాబూ" అన్నాను. "అయితే మొదటి వరుస మళ్లీ రాయండి."

పీటలు 20. నీరు తూర్పునుంచి వచ్చి పడమటికి పోతోంది.

దీపం ఆర్పి లేవబోతే మోకాలు లేవలేదు. ఒకవైపు బావ, ఒకవైపు మనోజ్ఞ పట్టుకుని నిలబెట్టారు.